ఎడమ మెదడు శాఖ, కుడి మెదడు శాఖ

"మన పరిపాలన కుంటుపడటానికి కారణం దొరికింది!" అని మంత్రిగారు ప్రకటించగానే నీటి సరఫరా ఆఫీసు గుమాస్తాలం ఊపిరి బిగబట్టాం. కారణం మేమే అంటారేమోనని భయం. కాదట. మా మెదళ్ళట.

ఎడమ మెదడు లెక్కలు చూస్తుందట, కుడి మెదడు భావాలు చూస్తుందట. రెండూ ఒకే గదిలో కూర్చోవడంవల్లే పని ఆగిపోతోందట. ఇంత చిన్న విషయం తట్టడానికి మంత్రిగారు పుట్టాల్సి వచ్చింది.

పరీక్ష ఆయన బావమరిదిగారు పెట్టారు. చేతులు కట్టుకోమన్నారు, ఏ చెయ్యి పైనుందో చూశారు, అంతే. నేను ఎడమగా తేలాను. హాలు మధ్యలో గోడ లేచింది. పైపుల మ్యాపులు మాకు వచ్చాయి. వాల్వు తిప్పే పని కుడివాళ్ళకి వెళ్ళింది, తిప్పడానికి మనసుండాలి కనక.

ఆ వారంలోనే ఒకావిడ తడిబట్టలతో పరుగెత్తుకొచ్చింది.

"మా వీధిలో పెద్ద పైపు పగిలింది బాబూ! ఇంట్లోకి నీళ్ళొచ్చేస్తున్నాయి. మా అత్తగారు మంచం దిగలేని మనిషి!"

"ఎంత లోతు?" అన్నారు మా ఎడమ ఆఫీసరు.

"మోకాలిదాకా."

"మోకాలు కొలత కాదమ్మా."

"నిజమే. కొందరికి అక్కడ మెదడుంటుంది" అని ఆవిడ విసురుగా గోడ అవతలికి వెళ్ళింది.

కాసేపటికి కుడి ఆఫీసరుగారి వెక్కిళ్ళు మాకు స్పష్టంగా వినిపించాయి. ఒక ప్రభుత్వ శాఖ అంత చిత్తశుద్ధితో ఏడవడం నేనెన్నడూ వినలేదు.

"తర్వాత ఏడుద్దురుగాని, ముందు వాల్వు కట్టేయండయ్యా!"

"అదెక్కడుందో ఎడమవాళ్ళకే తెలుసు తల్లీ. వాళ్ళతో మేం మాట్లాడకూడదు. వారధి అధికారి ద్వారా రావాలి."

వారధి అధికారి బావమరిదిగారే. వంతెనల అధ్యయనానికి విదేశాలు వెళ్ళారు.

సాయంత్రం మంత్రిగారు స్వయంగా ఆ వీధికి వచ్చారు. అక్కడ గోడ లేకపోయినా మేం ఎడమగానూ, వాళ్ళు కుడిగానూ వెంట నడిచాం. తీరా చూస్తే నీళ్ళు ఆగిపోయి ఉన్నాయి. అత్తగారు ఎదురింటి మేడమీద దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నారు. కోడలూ, ఇరుగుపొరుగూ కలిసి బురదలో తడుముకుంటూ వాల్వు వెతికి, రెంచితో బిగించేశారట. ఎందుకో నా తల కిందికి దిగింది.

మంత్రిగారు నివ్వెరపోయారు.

"అమ్మా, ఈ పని ఏ మెదడుతో చేశావు?"

"మెదడేంటి బాబూ, చేత్తో చేశాం."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. కార్యదర్శివైపు తిరిగారు.

"ఏ చేత్తోనో కనుక్కోండి."