ఎడమ మడమ సంగ్రామం

గోడగడియారపు రెండు ముళ్ళూ ఎనిమిదో అంకె మీదికి ఏకకాలంలో దండెత్తిన వేళ, అనగా సామాన్యుల భాషలో ఉదయం ఏడూ నలభై అయిన వేళ, పంపులు గర్జించగా, మిక్సీలు హుంకరించగా, పక్కింటి కుక్కర్ మూడవ విజయశంఖం పూరించగా, మూడో అంతస్తులో లిఫ్టుకు ఎదురుగా ఉన్న రెండు గదుల మహాసామ్రాజ్యంలో ఒక యుద్ధం పుట్టింది. ప్రతి ఉతుకుకూ ఒక మేజోడును కప్పంగా గైకొనే ఓ వాషింగ్ మెషీన్ తల్లీ, నీ కడుపులో మాయమైన వీరులందరి మీద ఆన, ఈ కథ చెప్పడానికి నాకు వాక్కు ప్రసాదించు. కథ మేజోళ్ళ గురించే కనుక ఇందులో నీ బాధ్యతా కొంత ఉంది.

"తెల్లవి," అన్నాడు నాన్న.

"పసుపువి," అంది నాయనమ్మ.

ఈ రెండు మాటల నడుమ, కిటికీ పక్క మంచం మీద, మూడు దిండ్ల సింహాసనాన్ని అధిష్ఠించి, చక్రరథారూఢ కావలసిన ముహూర్తం కోసం ఎదురుచూస్తూ ఉన్నది తొమ్మిదేళ్ళ దొరసాని. దొరసాని అన్నది ఇంట్లో పిలుపు. ఆమె నడవదు. మాట్లాడదు. నోటితో తినదు; పొట్ట మీద చొక్కా గుండీ అంత మూత ఉంది, దానికి గొట్టం తగిలించి, సిరంజిలో ఆహారం పోసి ఎత్తి పట్టుకుంటే అది తన ఇష్టం వచ్చినంత నిదానంగా దిగుతుంది. ఈ జాబితా విని జాలిపడబోయే శ్రోతలు ఒక్క క్షణం ఓపిక పట్టాలి. ఆ ఇంట్లో చెల్లే ఆజ్ఞలన్నీ ఆమెవే. చూపు పైకెత్తితే అవును. కళ్ళు మూసుకుంటే కాదు. రెండే పదాల నిఘంటువుతో ఆమె ముగ్గురు పెద్దవాళ్ళను మూడు చెరువుల నీళ్ళు తాగిస్తూ వస్తున్నది.

ఆనాటి ఉదయం పణంగా పెట్టబడినది అల్పమైనది కాదు. బడిలో మధ్యాహ్నం భోజనాల గంట ఒక పెద్ద ఎర్ర బొత్తాం నొక్కితే మోగుతుంది. మంగళవారానికి ఒకరి వంతు. దొరసాని వంతు రెండు మంగళవారాలు దగ్గుకు బలైంది. ఈ మూడోదీ తప్పితే వంతు తరవాతి పిల్లకు పోతుంది. మళ్ళీ తిరిగి రావడానికి పదమూడు వారాలు. బొత్తాం నొక్కాలంటే, పడిపోకుండా పట్టి ఉంచే చట్రంలో నిలబడాలి. చట్రంలో నిలబడాలంటే రెండు కాళ్ళకూ స్ప్లింట్లు ఉండాలి, అనగా అరికాలి నుంచి మోకాలి కింది దాకా పాదాన్ని నిటారుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ కవచాలు. కవచం కింద ముడత లేని మేజోడు ఉండాలి. వ్యాను ఎనిమిదీ పదికి వస్తుంది, సరిగ్గా నాలుగు నిమిషాలు ఆగుతుంది, ఎందుకంటే దారిలో ఇంకా ఏడుగురు సార్వభౌములు ఎదురుచూస్తుంటారు.

"తెల్లవైతే చర్మం కందినా, చెమ్మ తగిలినా వెంటనే తెలుస్తుందమ్మా," అన్నాడు నాన్న.

"స్ప్లింటుకి మడమ దగ్గర ఆ చిన్న కన్నం ఎందుకు పెట్టార్రా మరి? మడమ దిగిందో లేదో చూడ్డానికేగా. చూసేది ఎవరు? నేను. నాకు ఆ చీకట్లో తెలుపు కనపడదు, పసుపే కనపడుతుంది."

"నీకు కనపడ్డానికి అది వేసుకోవాలా?"

"నీకు నచ్చినందుకైతే వేసుకోవచ్చా?"

అప్పుడు నాన్న, న్యాయస్థానాన్ని ఆశ్రయించే వాదిలా మంచం వైపు తిరిగి, "నువ్వే చెప్పు దొరసానీ. తెల్లవా?" అన్నాడు. చూపు పైకి లేచింది. "చూశావా," అన్నాడు.

"పసుపువి కదూ నా తల్లికి?" అంది నాయనమ్మ. చూపు మళ్ళీ పైకి లేచింది.

"ఇద్దరికీ ఊ కొడుతోంది దొంగపిల్ల," అన్నాడు నాన్న.

"నీ పోలికే. పెళ్ళిచూపులప్పుడు నువ్వూ అంతే, అడిగినవాళ్ళందరికీ సరేనన్నావు."

ఆ సమయంలో సమస్తౌషధధారిణి, ద్విసిరంజిహస్త, నిర్నిద్రనేత్ర అయిన అమ్మ వంటింట్లో మూడు మందులు మూడు వేర్వేరు నీళ్ళలో కలుపుతూ ఉన్నది. రెండింటిని కలిపితే గొట్టంలో గడ్డ కడుతుంది. ఆ పాఠం ఆమె ఒక ఆదివారమంతా గొట్టం ఊదుతూ నేర్చుకున్నది. మందులతో ఆమె తిరిగి వచ్చేసరికి సంధి కుదరని సేనానులిద్దరూ రాజ్యాన్ని పంచుకున్నారు. నాన్న కుడికాలికి తెల్లది తొడిగాడు. నాయనమ్మ ఎడమకాలికి పసుపుది ఎక్కించింది. ఇద్దరి చేతుల్లోనూ జత తప్పిన రెండో మేజోడు ధిక్కార పతాకంలా వేలాడుతున్నది.

అమ్మ ఇద్దరినీ చూసింది. గడియారాన్ని చూసింది. ఏడూ యాభై ఐదు.

"మార్చే టైం లేదు," అంది. "అలాగే కానివ్వండి. స్ప్లింట్లు ఇటివ్వండి."

కుడిపాదం స్వభావరీత్యా శాంతికాముకం. మోకాలు వంచి, మడమను కిందికి నొక్కి, మూడు పట్టీలు బిగించేలోగా అది పిల్లిలా కవచంలోకి దూరి కూర్చున్నది. ఇక మిగిలినది వామపాదం. దుర్నిరీక్ష్యం, దుర్దమం, పంచాంగుళీపరివృతం, పూర్వం ఇద్దరు ఫిజియోథెరపిస్టుల చేత కూడా ఓటమిని ఒప్పించిన ఆ పాదం, పసుపు పట్టుకవచం ధరించి, బొటనవేలిని ఖడ్గంలా ఎత్తి, తన మౌనంలోనే ఇట్లు పలికినట్లుండెను:

"ఓయీ అల్పసమయులారా, ఎనిమిదీ పదికి లోబడిన దీనులారా, ఏ మడమనైతే బలవంతంగా నొక్కి పట్టీ బిగించితే సాయంత్రానికి పుండు పడునో, ఆ మడమను నేనే. నన్ను జయింపదలచినచో నా అనుమతి గైకొనుడు. అనుమతి ఈరోజు సెలవులో ఉన్నది."

ఇందులో ఒక రహస్యం ఉన్నది. దొరసానికి నవ్వు వస్తే ఒళ్ళంతా నవ్వుతుంది. వెన్ను విల్లులా బిగుస్తుంది, కాళ్ళు బాణాల్లా సాగుతాయి, పాదం మునివేళ్ళ మీద నిలబడిన నర్తకి పాదంలా కిందికి వంగుతుంది, అప్పుడు మడమ దిగడం మాట అటుంచి కవచం మొహం కూడా చూడదు. ఇక లోకంలో దొరసానికి నవ్వు తెప్పించే వస్తువుల్లో మొదటిది: నాన్నా, నాయనమ్మా పోట్లాడుకోవడం.

"ఒరేయ్, మోకాలు ఇంకా వంచు."

"వంచాను. నువ్వు కన్నంలోంచి చూడు."

డెబ్భై ఒక్క వసంతాల నాయనమ్మ టార్చి ధరించి, మోకాళ్ళను తిట్టుకుంటూ నేల మీదికి దిగి, మంచం అంచున వేలాడే కవచం కింద తల పెట్టి, మడమ దగ్గరి ఆ చిరుగవాక్షంలోకి ఒంటి కన్ను సారించింది.

"కనిపిస్తోందా అత్తయ్యా?"

"చీకటి."

"ఇప్పుడో?"

"ఇంకా చీకటే. అమ్మాయ్, ఒక నిమిషం, ఏదో మెరుస్తోంది."

మెరిసినవి ఆవిడ కళ్ళద్దాలే. నేల మీదికి దిగేటప్పుడే ముక్కు మీంచి జారాయో ఏమో, కవచంలోనే పడి ఉన్నాయి; వామపాదం వాటి మీద ఆసీనం కాబోయి అంగుళం దూరంలో ఆగింది. ఈ దృశ్యం చూసిన దొరసాని నవ్వు వర్షాకాలపు చెరువుగట్టులా తెగింది. శబ్దం తక్కువ, వేగం ఎక్కువ. మంచం వణికింది. దిండ్లలో ఒకటి యుద్ధభూమిని వీడి పారిపోయింది. పాదం ఇనుపకడ్డీ అయింది.

ఎనిమిదీ రెండు.

"ఎవరూ నవ్వొద్దు. ఎవరూ మాట్లాడొద్దు," అని అమ్మ శాసించింది. "అందరూ గంభీరంగా ఉండండి."

ముగ్గురూ గంభీరంగా ఉన్నారు. నాన్న పెదవులు బిగించి గోడ వైపు చూశాడు. నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, శ్రాద్ధానికి వచ్చిన చుట్టంలా మొహం పెట్టింది. దొరసాని ఒకరి మొహం చూసింది, ఇంకొకరి మొహం చూసింది, మూడో మొహం దాకా ఆగలేకపోయింది. గంభీరంగా ఉన్న ముగ్గురు మనుషులకంటే నవ్వు తెప్పించేది ఈ భూమి మీద ఇంతవరకూ పుట్టలేదు.

ఎనిమిదీ ఎనిమిది. కొంచెం ముందుగానే కింద వ్యాను హారన్ మోగింది. అది ప్రళయకాల భేరీనాదం. అమ్మ నుదుటి మీద చెమట, నాన్న చొక్కా మీద పాలచుక్క. ఎర్ర బొత్తాం పదమూడు వారాల అవతలికి మెల్లగా జరుగుతున్నట్టు అమ్మకు అనిపించింది. రెండు మంగళవారాల కిందట, వ్యాను వెళ్ళిపోయాక, దొరసాని దగ్గుతూనే సాయంత్రం దాకా తలుపు వైపు చూసిన చూపు ఆమెకు గుర్తొచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నాకూ ఆలస్యమవుతోంది," అన్నాడు నాన్న గడియారం చూసి. "తొమ్మిదింటికి మీటింగు."

"ఏం మీటింగురా?" అంది నాయనమ్మ నేల మీంచి.

"ఫైలు అట్టల గురించి. నీలం అట్టలు కొనసాగించాలా, ఆకుపచ్చవి పెట్టాలా అని ఉపసంఘం వేశారు. అజెండాలో నాలుగో అంశం. కిందటి మీటింగులో కోరం లేక వాయిదా పడింది. అసలు నీలం అట్ట మందం ఎంతంటే..."

అమ్మ అరచేతి కింద ఏదో జరిగింది. ఇనుపకడ్డీ వెదురైంది.

ఆమె తల ఎత్తలేదు. "ఆపకండి," అంది.

"ఏమిటి?"

"మీ మీటింగు. మొదటినుంచి చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు."

పన్నెండేళ్ళ దాంపత్యంలో ఆ మాట విని ఎరుగని ఆ పురుషపుంగవుడు చొక్కా కాలరు సర్దుకొనెను. పిమ్మట గొంతు సవరించుకొని, ఎవరూ ఎన్నడూ పూర్తిగా విననందువలన లోపల మాగి మాగి ఉన్న తన కార్యాలయ వృత్తాంతాన్ని మహానదీప్రవాహంలా విడిచెను. ఉపసంఘంలో ఐదుగురు సభ్యులనీ, వారిలో ఇద్దరు సెలవులో ఉన్నారనీ, మూడవవారు నోట్ పెట్టారనీ, ఆ నోట్ కింద ఇంకొక నోట్ పెట్టబడెననీ, దానికి అనుబంధం ఒకటి, అనుబంధానికి సవరణ ఒకటి కలదనీ...

"ఐదో పేరా చెప్పండి."

"ఐదో పేరాలో ఏముందంటే, నాలుగో పేరాను చూడుము అని ఉంది."

దొరసాని నవ్వు పలచబడింది. చూపు ఫ్యాను మీదికి పోయి, అక్కడా ఏమీ దొరకక వెనక్కి వచ్చింది. ఆవులింత ఒకటి బయలుదేరి, నోరంతా తెరిచి, రాజసంగా ముగిసింది. వెదురు అరిటాకైంది. మోకాలు వంగింది, మడమ జారింది, టక్కున ఒక చిన్న శబ్దం.

"పసుపు," అంది నాయనమ్మ కన్నంలోంచి చూస్తూ. "నిండుగా పసుపు. బిగించవే అమ్మాయ్, బిగించు."

మొదటి పట్టీ. రెండో పట్టీ. మూడో పట్టీ.

"ఇంకా ఆరో పేరా ఉంది," అన్నాడు నాన్న.

"లిఫ్టులో చెప్పండి."

చక్రరథం లిఫ్టులోకి దూకింది. కింద వ్యాను డ్రైవరన్న, వెనక తలుపు దగ్గరి మెట్టును నేలకు దించి, మణికట్టు చూసుకుంటున్నాడు. ఎనిమిదీ పదమూడు.

"ఇంకా నిమిషం ఉంది కదమ్మా, ఎందుకా పరుగు," అన్నాడు. తరవాత దొరసాని కాళ్ళ వైపు చూసి, "ఏంటమ్మా, ఒకటి తెలుపు, ఒకటి పసుపు. కంగారులో వేసినట్టున్నారు."

దొరసాని కళ్ళు మూసుకున్నది.

"నిద్రొస్తోంది పాపం," అన్నాడు నాన్న. "ఆరో పేరా అలాంటిది." అమ్మ మాత్రం ఆ మూసిన కళ్ళను చూసింది. ఏదో తట్టినట్టే తట్టి, వ్యాను తలుపు చప్పుడులో జారిపోయింది.

సాయంత్రం ఏడింటికి ఆ సామ్రాజ్యంలో సహపంక్తి భోజనం. మూడు కంచాలు, ఒక సిరంజి. సిరంజిని ఆ పూట నాన్న ఎత్తి పట్టుకున్నాడు. అమ్మ బడి డైరీ తెరిచి టీచరు రాసింది చదివింది: "గంట మోగింది. ఒకసారి మోగించాలి. మీ అమ్మాయి మూడుసార్లు మోగించింది. రెండోసారికి వంటవాళ్ళు కంగారుపడ్డారు, మూడోసారికి హెడ్మాస్టరుగారు బయటికి వచ్చారు. ఎవరు ఆపమన్నా కళ్ళు మూసుకుంది."

నాయనమ్మ ముద్ద చేతిలోనే మరిచిపోయింది. "నా తల్లే," అంది. తరవాత కొడుకు వైపు తిరిగి, "నీ అట్టలు తేలాయట్రా?"

"లేదమ్మా. మళ్ళీ వాయిదా."

"మంచిదేలే. రేపు పొద్దున్నకి మిగిలాయి."

పొద్దుటి నుంచి విరోధులైన తల్లీకొడుకులు ఆ క్షణాన ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఇకమీద ఇలా కాలికో రంగు తొడగకూడదు, చూసేవాళ్ళు నవ్వుతారు, ఏదో ఒక జతే ఉండాలి అన్నారు. దొరసాని కళ్ళు గట్టిగా మూసుకున్నది.

అమ్మ గరిటె కింద పెట్టింది. పొద్దున రెండుసార్లు పైకి లేచిన చూపు, వ్యాను దగ్గర మూసుకున్న కళ్ళు, ఇప్పుడు మళ్ళీ మూసుకున్న కళ్ళు. ఇంట్లో ముగ్గురు చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఇదా అని ఒకరు అడిగారు, అదా అని ఒకరు అడిగారు.

ఆమె కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగింది. "రెండూనా?" అంది.

చూపు పైకి లేచింది. కప్పు దాకా లేచింది. ఇంకా పైకి పోవడానికి చోటు లేక అక్కడే నిలిచింది. సిరంజిలో ఆహారం కాసేపు దిగడం మానేసింది, ఎందుకంటే ఆ పిల్ల పొట్టతో సహా నవ్వుతున్నది.

"అంటే పొద్దున్నించీ సరిగ్గానే చెబుతోందా?" అన్నాడు నాన్న.

"మనమే అడగలేదు," అంది అమ్మ.

అట్లు ఆ నయనభాషిణి, ఇద్దరు సేనానులను నిరాయుధులను చేసి, ఒక గంటను మూడుసార్లు మోగించి, ఒక్క మాటయినా పలుకకుండా దిగ్విజయం సాధించెను. అమ్మ తన కంచం ముందు కూర్చుని, పెరుగు గిన్నె నాయనమ్మ వైపు జరిపి, సభకు తీర్మానం ప్రకటించింది:

"రేపటినుంచి కుడికాలికి తెలుపు, ఎడమకాలికి పసుపు. దీని మీద ఇంక మీటింగు లేదు."