దేశానికిచ్చిన చెల్లెలు

దేశానికి చెల్లెల్ని ఇవ్వడాన్ని మించిన త్యాగం లోకంలో ఇంతవరకూ పుట్టలేదు! ఈ సత్యాన్ని నీళ్ళ సరఫరా ఆఫీసు సూపర్నెంటు గారు స్వయంగా కనిపెట్టి, గుడ్డ బ్యానరు మీద రాయించి, వీధి మొదట్లో రెండు స్తంభాల మధ్య కట్టించారు. బ్యానరులో ఆయన బొమ్మ నిలువెత్తున ఉంది. దేశానికిచ్చిన చెల్లెలి బొమ్మ కూడా ఉంది, లేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. కుడివైపు మూల, బ్యానరు రాసినవాడి ఫోను నంబరు పక్కన, తపాలా బిళ్ళంత ఉంది.

నిజం మాట్లాడుకుంటే ఆయన ఇవ్వలేదు, ఆ పిల్లే వెళ్ళిపోయింది. సైన్యంలో చేరతానని చిట్టి నోరు విప్పిన రోజున సూపర్నెంటు గారు ఇల్లెగిరిపోయేలా అరిచారు. ఆడపిల్లకి తుపాకులేమిటన్నారు. తన చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేస్తారన్నారు. చివరికి, పోతే పో, వారం తిరక్కుండా తోక ముడుచుకుని ఈ గుమ్మం ముందే నిలబడతావని దీవించారు. వారం తిరిగింది, నెలలు తిరిగాయి, చిట్టి మాత్రం తిరిగి రాలేదు. శిక్షణ పూర్తయిందనీ, పరుగులో అందరికన్నా ముందు నిలిచిందనీ కబురొచ్చింది. ఆ పూట కాలనీలో నలుగురు ఆగి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. అంతే, చిట్టిని పంపింది తానేనని సూపర్నెంటు గారికి ఠక్కున జ్ఞాపకం వచ్చేసింది!

అయితే ఇంట్లో పరిస్థితి వేరు. చిట్టి ఉన్నన్నాళ్ళూ వదినా మరదళ్ళిద్దరూ పని పంచుకునేవాళ్ళు కాబట్టి అయ్యగారి కడుపులో చల్ల కదిలేది కాదు. ఇప్పుడు ఇల్లాలొక్కతే మిగిలింది. కాఫీ ఆలస్యం, చొక్కా కాలరు మీద ముడతలు, మొన్నొక పూట ఆయన తువ్వాలు ఆయనే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన భాషలో చెప్పాలంటే సిబ్బంది కొరత తీవ్రంగా ఉంది. అందుకని, చిట్టి సెలవు మీద వస్తోందనీ, వచ్చిన రోజు సాయంత్రమే కాలనీ సంఘం సన్మానం పెడుతోందనీ తెలియగానే, బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు. సాయంత్రం చిట్టి వీరవనితగా వేదికెక్కాలి, దిగి నేరుగా వంటింట్లోకి నడవాలి. సన్మానమూ దక్కాలి, చెల్లెలూ దక్కాలి. కొత్తగా చేరినవాళ్ళు మోకాలు నొప్పి, వెళ్ళిపోతామంటే సైన్యంలో ఉండమని పెద్దగా పట్టుబట్టరని ఎక్కడో వాకబు కూడా చేసుకొచ్చారు.

చిట్టి పొద్దున్నే దిగింది. నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, నడక మాత్రం నిటారుగా ఉంది. సూపర్నెంటు గారు గేటు దగ్గర సెల్యూట్ చేశారు. ఫొటోగ్రాఫరు సరిగ్గా పడలేదన్నాడు, మళ్ళీ చేశారు. వెలుతురు చాల్లేదన్నాడు, మళ్ళీ చేశారు. అంతసేపూ ఆ పిల్ల భుజాన మూట దింపకుండా ఎండలో నిలబడింది. లోపలికి రాగానే ఆయన కుర్చీలో వాలి, బాగా చిక్కిపోయావమ్మా అని కళ్ళు తుడుచుకుని, ముందు కాస్త కాఫీ పెట్టమన్నారు. మధ్యాహ్నానికల్లా సాయంత్రం సభకి ఆయన వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ అయి కొక్కేనికి వేలాడుతోంది. శిక్షణలో పిల్ల ఏమీ పాడవలేదని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ఇంకో కప్పు కోసం వంటింటి గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల వదినా మరదళ్ళ మాటలు వినబడ్డాయి.

"నిజంగా విజిలేస్తారా?" అని అడుగుతోంది ఇల్లాలు.

"వేస్తారు వదినా. సాయంత్రం విజిల్ పడిందంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ పని చెప్పరు."

ఇల్లాలు తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. "మంచినీళ్ళు కూడా అడగరా?"

"వాళ్ళకి కావాలంటే వాళ్ళే ముంచుకుంటారు."

సూపర్నెంటు గారికి నవ్వొచ్చింది. ఏ వంటింట్లోనైనా విజిలేసేది కుక్కరొక్కటే, అది కూసిందంటే పని అయిపోయినట్టా, ఇంకా బోలెడు మిగిలున్నట్టా? ఆడవాళ్ళ అమాయకత్వానికి జాలిపడుతూ లోపలికెళ్ళి, చిట్టికి మోకాలి సంగతి విడమరిచి చెప్పారు.

"నా మోకాలు బాగానే ఉందన్నయ్యా," అంది చిట్టి.

నొప్పి రావాలంటే మోకాలు పాడవ్వాలని రూలేమీ లేదని ఆయన ఓపిగ్గా వివరించారు. తనకి ఆఫీసులో ఏటా వస్తుంది, మోకాలికి ఏమీ కాకుండానే. చిట్టి పొయ్యి తగ్గించి ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, అక్కడ నాకో మంచం ఉంది. దాని మీద నా పేరు రాసుంది. ఇక్కడ అందరూ పడుకున్నాక హాల్లో చాప వేసుకునేదాన్ని."

సూపర్నెంటు గారి మనసు కరిగిపోయింది. చాప కొత్తది కొనిపెడతానని అక్కడికక్కడే మంజూరు చేశారు! చిట్టి ఆయన మొహంలోకి చూసి, సరే, సభలో తనే చెబుతానంది. పిల్ల దారికొచ్చిందని ఆయన తృప్తిగా కప్పు అందుకున్నారు.

సాయంత్రం కాలనీ హాలు నిండింది. వేదిక మీద నాలుగు కుర్చీలు. ఒకటి సూపర్నెంటు గారిది, ఒకటి రిటైరైన హెడ్మిస్ట్రెస్సు గారిది, ఒకటి ముఖ్య అతిథి కర్నల్ గారిది. ఈ కర్నల్ గారు సైన్యం మొహం ఎరగరు, బట్టల కొట్టు యజమాని. మీసం చూసి ఎవరో ఎప్పుడో కర్నలన్నారు, ఆయన మర్యాదస్తుడు కనక కాదనలేకపోయారు. నాలుగో కుర్చీ చిట్టిది. దానిమీద కర్నల్ గారి చేతిసంచి కూర్చుంది. ఎందుకంటే చిట్టి అక్కడ లేదు, వెనకగదిలో వదినతో కలిసి సభకి కాఫీలు పోస్తోంది. పనివాళ్ళని పిలుద్దామా అని సంఘంవాళ్ళు అడిగితే, ఇంట్లో ఇద్దరుండగా ఇంకొకరెందుకన్నారు సూపర్నెంటు గారు. తన సన్మానానికి తనే కాఫీలు పోసుకునే భాగ్యం ఎందరికి పడుతుంది చెప్పండి!

కర్నల్ గారు బల్లగుద్ది మాట్లాడారు. ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరి తీరాలన్నారు. మరి మీ అబ్బాయో అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. వాడికి దుమ్ము పడదని కర్నల్ గారు బాధగా చెప్పారు. సభ సానుభూతిగా తలూపింది.

తర్వాత సూపర్నెంటు గారు లేచారు. వద్దు వద్దంటున్న చెల్లెల్ని తనెలా నచ్చజెప్పి పంపారో చెప్పేటప్పుడు ముందు వరసలో ఇద్దరు ముక్కులు చీదుకున్నారు. దాంతో ఆయనకి ఊపొచ్చేసింది. రాసుకొచ్చిన కాగితం దాటి పోయారు.

"ఒక్క చెల్లెలితో ఆగేవాణ్ణి కాను నేను! మా ఇంట్లోంచి ఇంకెవరు ముందుకొచ్చినా సరే, ఈ చేతుల్తో సంచి సర్ది, ఈ భుజాన మోసుకెళ్ళి, రైలెక్కించి వస్తాను. ఇది మీ అందరి ముందూ ఇస్తున్న మాట!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ మోతలోనే ఆయన గొంతు తగ్గించి, ఇప్పుడు చిట్టి ఒక బాధాకరమైన విషయం చెబుతుందన్నారు. చిట్టి ట్రేతో సహా వచ్చింది. హెడ్మిస్ట్రెస్సు గారు ఆ ట్రే అందుకుని, కర్నల్ గారి సంచి తీసి కర్నల్ గారి ఒళ్ళో పెట్టారు. చిట్టి కూర్చోలేదు, మైకు ముందు నిటారుగా నిలబడింది.

"శిక్షణ కష్టంగా ఉందా అని పొద్దున్నుంచీ అందరూ అడుగుతున్నారు. కష్టమే. పరుగు కష్టం, బురదలో పాకడం ఇంకా కష్టం. కానీ సాయంత్రం విజిలేస్తారు, ఇంక పని లేదని. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మొదటి రోజు అది విని ఏం చెయ్యాలో తెలీక మంచం మీద కూర్చుని ఏడ్చాను." ఆగి, అన్న వైపు తిరిగింది. "నా మోకాళ్ళు రెండూ బాగున్నాయన్నయ్యా. సెలవైపోగానే వెళ్తున్నాను. నా సంచి మోస్తానన్నావుగా, సంతోషం."

మోకాళ్ళ గొడవేమిటో సభకి అర్థం కాలేదు. అర్థమైన ఒక్కాయనకీ మొహాన నెత్తురు చుక్క లేదు. అయినా సర్దుకుని చప్పట్లు కొట్టబోయారు. అంతలో వెనకగది గుమ్మంలో ఇల్లాలు కనిపించింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటోంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆమె నలుగురిలో నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"చిట్టీ, ఎంత వయసు వరకూ తీసుకుంటారు?"

చిట్టి చెప్పింది. ఇల్లాలు వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. "అయితే నాకింకా రెండేళ్ళుంది," అంది.

తర్వాత మందుల షాపాయన భార్య లేచి, పిల్లలున్నవాళ్ళు పనికొస్తారా అని అడిగింది. టైలరు భార్య, అక్కడ వంట ఎవరు చేస్తారని అడిగింది. వేరేవాళ్ళు చేసి వడ్డిస్తారని చిట్టి చెప్పగానే ఆడవాళ్ళ వరసలన్నీ గుసగుసలాడాయి. అప్పుడు ముందు వరసలోంచి, తలంతా నెరిసిన కర్నల్ గారి భార్య నెమ్మదిగా లేచింది.

"వయసు దాటినవాళ్ళకి గిన్నెలు తోమే పనైనా ఇస్తారా అమ్మా? విజిలేస్తారుగా."

కర్నల్ గారు ఒళ్ళో సంచితో సహా నిలబడిపోయారు. దేశానికి ప్రస్తుతం కావాల్సినంతమంది ఉన్నారనీ, గృహరక్షణే అసలైన దేశరక్షణ అనీ ప్రకటించి, సభ ముగిసిందన్నారు. జ్ఞాపిక ఇవ్వడం ఎవరికీ గుర్తురాలేదు. హెడ్మిస్ట్రెస్సు గారు మాత్రం మైకు తన వైపు లాక్కుని, సూపర్నెంటు గారు మాటిచ్చారనీ, సంచి సర్దుతానన్నారనీ, అందరం విన్నామనీ చెప్పి కూర్చున్నారు.

మర్నాడు తెల్లవారేసరికి వంటింట్లో పొయ్యి వెలగలేదు. కిటికీలోంచి చూస్తే వదినా మరదళ్ళిద్దరూ వీధిలో పరుగెడుతున్నారు. ఇల్లాలు ఆయాసపడుతోంది, నవ్వుతోంది. కాఫీపొడి డబ్బా ఏదో తెలియక ఆయన మూతలన్నీ తీసి వాసన చూసుకుంటూ నిలబడ్డారు.

సెలవు అయిపోయింది. వీధి వీధంతా చూస్తుండగా సూపర్నెంటు గారు మూట భుజానేసుకుని స్టేషనుకి నడిచారు. రైలు కదిలే ముందు చిట్టి శిక్షణలో తనకిచ్చిన విజిల్ మెళ్ళోంచి తీసి వదిన మెళ్ళో వేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆయనా ఏడ్చారు, భుజం నొప్పికి.

ఆ సాయంత్రం భోజనాలయ్యాయి. వంటింట్లోంచి విజిల్ వినబడితే కుక్కరనుకున్నారాయన. ఇల్లాలు వచ్చి హాల్లో కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. పని అయిపోయిందండీ, అంది. మంచినీళ్ళడగడానికి తెరిచిన నోరు ఆయన మూసుకున్నారు. రెండేళ్ళు గుర్తొచ్చాయి. లేచి వెళ్ళి తనే ముంచుకున్నారు, పక్కనే తోమాల్సిన గిన్నెలు కనిపించాయి. నాలుగు రోజుల్లో మందుల షాపాయన ఇంట్లోనూ విజిల్ మోగింది, తర్వాత టైలరింట్లో. కర్నల్ గారింట్లో మోగేదైతే వీధి చివరిదాకా వినబడుతుంది.

మొన్న సాయంత్రం బ్యానరు కింద నిలబడి సూపర్నెంటు గారు కొత్తగా కాలనీలోకొచ్చిన ఒకాయనకి చెబుతున్నారు. ఇంటికి క్రమశిక్షణ ముఖ్యమండీ, ఈ విజిల్ పద్ధతి ఈ కాలనీలో మొట్టమొదట ప్రవేశపెట్టింది నేనే అని. నానిపోయిన వేళ్ళు వెనక్కి పెట్టుకున్నారు. పక్కన కర్నల్ గారు మీసం దువ్వుకుంటూ ఔనౌనంటున్నారు. అంతలో ఆ కొసనొకటీ ఈ కొసనొకటీ విజిళ్ళు పడ్డాయి. ఇద్దరూ మాట మధ్యలోనే వదిలేసి, ఎవరి గిన్నెల దగ్గరికి వాళ్ళు పరుగందుకున్నారు.