సీళ్ల చుట్టరికాల మీద ప్రభుత్వ పరిశోధన

"సీళ్లలో ఏది దేనితో రాసుకుపూసుకు తిరుగుతోందో ఈ ప్రభుత్వం కనిపెట్టి తీరుతుంది!" అని స్కార్ఫిరి దీవి రేవులో ఉపమంత్రి లియాకోస్ ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఆయన సలహాదారు థ్రాసివులోస్. ఆ వాక్యం రాసింది తనే. సొంత వాక్యాలకు చప్పట్లు కొట్టుకోవడంలో అతనికి పదకొండేళ్ల అనుభవం.

అసలు పని జీవశాస్త్రవేత్త ఎవాంథియాది. దీవి గుహలో సీళ్లనే సముద్రజంతువులు ఆరు, వాటి పిల్ల ఒకటి మిగిలాయి. ఏవి పక్కపక్కన పడుకుంటున్నాయో ఆమె దూరం నుంచి కెమెరాతో చూసి రాసుకుంటోంది. కుక్కల నుంచి వీటికి ఒక జబ్బు అంటుకునే ప్రమాదముంది. అందరితో కలిసి తిరిగే సీలుకు ముందు టీకా వేస్తే మిగతావీ బతుకుతాయి.

"గుహలోకి మాత్రం ఎవరూ రాకూడదు సార్. అలికిడైతే వెళ్లిపోతాయి" అందామె.

"తప్పకుండా" అన్నాడు థ్రాసివులోస్. మర్నాడు గుహలోకి మూడు పడవలు బయల్దేరాయి. ఉపమంత్రి, ఆయన భార్య, టీవీవాళ్లు, దీవెనలివ్వడానికి ఫాదర్, ఒక బొచ్చుకుక్క.

ఎవాంథియా ఒడ్డున అడ్డం నిలబడింది. "కుక్కెందుకండీ?"

"అది మేడమ్ గారిది. దానికి అనుమతుంది. లిస్టులో లేనిది మీ పేరే."

ఎంత చక్కటి జవాబు! చెప్పాక థ్రాసివులోస్ ఆమె ముఖం చూడకుండా పడవెక్కాడు.

గుహలో ఉపమంత్రి కెమెరా వైపు తిరిగి, "ఈ తల్లి సీలుకి స్నేహితులెవరో ఇవాళ తేలుస్తాం!" అని గర్జించారు.

"మీరు కేకలు ఆపితే అదే తేల్చేది బాబూ" అన్నాడు పడవ నడిపే ముసలి మనూసోస్.

కుక్క మొరిగింది. సీళ్లన్నీ దబదబా నీళ్లలోకి దూకేశాయి. పిల్ల ఒక్కటే ఇసుకలో ఉండిపోయి ఏడుస్తోంది. కుక్క దాని మీదికి ఉరికింది. థ్రాసివులోస్ బోర్లాపడి కుక్కను వాటేసుకున్నాడు. అది అతని బొటనవేలు కొరికింది. ఉద్యోగంలో చేరాక అతను చేసిన ఉపయోగకరమైన పని అదొక్కటే. దాన్ని టీవీవాళ్లు తీయలేదు.

అందరూ వెళ్లిపోయాక తల్లి వచ్చి పిల్లను తీసుకుపోయింది. ఆ గుహకు సీళ్లు మళ్లీ రాలేదు.

వారం తర్వాత థ్రాసివులోస్ నివేదిక రాశాడు: 'గుహలో పరస్పర సంపర్కాలు సున్నా. వ్యాధి ప్రమాదం సున్నా.'

"భేష్!" అన్నారు ఉపమంత్రి. "మిగతా గుహల్లోనూ ఇదే పద్ధతి పెడదాం. ఎక్కడెక్కడున్నాయో కనుక్కో."

థ్రాసివులోస్ ఎవాంథియాకు ఫోన్ చేశాడు.

"ఎక్కడా లేవు సార్" అందామె వెంటనే. ఆమె వెనకాల ఎక్కడో ఒక సీలుపిల్ల అరుస్తోంది.

అతను ఆ అరుపు విన్నాడు. "లేవనే చెప్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

"ఒక్కటీ లేదా?" ఉపమంత్రి ముఖం వెలిగిపోయింది. "అంటే దీవులన్నిటా విజయమే! ప్రకటన రాయవయ్యా!"

థ్రాసివులోస్ కట్టు కట్టిన వేలితోనే రాశాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.