జీవితకాలం వారంటీ చాకు

ధవళేశ్వరంలో ఒక ఆఫీసు గుమాస్తా శివరామకృష్ణ ఆ ఉదయం కాఫీ తాగుతూనే నిశ్చయించుకున్నాడు: పళ్ళంటే ప్రాణమిచ్చే ఆఫీసరు గారికి మంచి మడత చాకు ఇచ్చి, రంపచోడవరం బదిలీ ఆపించుకోవాలని. భార్య జగదాంబ ఊళ్ళోనే టీచరు. బదిలీ అయితే ఆవిడో ఊరు, తనో ఊరు.

"ఖరీదైన రకానికి జీవితకాలం వారంటీ అండి. చౌక రకానికి ఏడాదే. కంపెనీ ఒకటే" అన్నాడు రాజమండ్రి కొట్లో చిట్టియ్య. శివరామకృష్ణ ఆఫీసరుకు జీవితకాలం, తనకు ఏడాది పుచ్చుకున్నాడు.

"బదిలీ సంగతి చూద్దాంలేవయ్యా" అన్నారు ఆఫీసరు గారు, చాకు తెరిచి మూస్తూ. మూడోనాడు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ కోస్తుండగా స్ప్రింగు విరిగింది. చాకు మడతపడి ఆయన వేలు తెగింది.

"ఇదేనా నీ జీవితకాలం? పట్టుకుపో!"

అదే వారం శివరామకృష్ణ చాకుకూ పిడి ఊడింది. చిట్టియ్య దాన్ని రెండు నిమిషాల్లో మార్చేశాడు. "ఖరీదైనది మాత్రం బొంబాయి వెళ్ళాలండి. ఫారం నింపండి."

అబద్ధం రాస్తే వారంటీ చెల్లదని ఫారం అడుగున ఉంది. చాకు ఆఫీసరు గారిది కనుక ఆయన పేరిటే నింపుతూ, 'కొన్నదా, బహుమతా?' అన్నచోట శివరామకృష్ణ 'బహుమతి, కింది ఉద్యోగి శివరామకృష్ణ ఇచ్చినది' అని రాశాడు. 'సందర్భం?' అంటే కాసేపు ఆలోచించి 'బదిలీ' అని రాశాడు. ఫైళ్ళ మధ్య పెడితే ఆఫీసరు గారు చూడకుండా సంతకం చేశారు.

నెలకు ఆఫీసుకు కంపెనీ జవాబు వచ్చింది: "మీ కింది ఉద్యోగి శివరామకృష్ణ గారు బదిలీ సందర్భంగా మీకు బహూకరించిన చాకు మాకు అందింది." టపా చూసే బుల్లెమ్మ దానికి ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించింది. మర్నాడు పై ఆఫీసు తనిఖీ. తనిఖీకొచ్చిన పెద్దాయన వేలు రిజిస్టరులో సరిగ్గా ఆ నంబరు మీదే ఆగింది.

"ఏంటండీ ఇది?"

ఆఫీసరు గారు తొణకలేదు. "లంచం ఇవ్వబోయాడండీ. నేను పుచ్చుకోకుండా కంపెనీకే తిప్పి పంపేశాను. అందినట్టు వాళ్ళే రాశారు, చూడండి."

ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. శివరామకృష్ణకు మెమో, దాని వెనకే రంపచోడవరం ఉత్తర్వు వచ్చాయి.

బస్సు దగ్గర జగదాంబ కళ్ళు తుడుచుకుంది. "అన్నీ నిజాలే రాయమని మీకెవరు చెప్పారండీ?"

"ఫారంలో ఉందే" అన్నాడు శివరామకృష్ణ.

బస్సు కదిలిన వారానికి బొంబాయి నుంచి కొత్త చాకు వచ్చింది, ఆఫీసరు గారి పేరిట.