అడ్జస్ట్‌లో ఆరు చాపలు

ఇకమీదట శాంతి నగర్ ప్రజలకు సమస్యలుండవని నగరసేవక్, అంటే వార్డు కార్పొరేటర్, శ్రీరాములు సేఠ్ ఎలక్షన్ సభ మైకులో ప్రకటించారు. 'అడ్జస్ట్' అనే ఇంగ్లీషు మాట ఒక్కటి నేర్చుకుంటే చాలునట. నీళ్లు రాకపోతే అడ్జస్ట్, కరెంటు పోతే అడ్జస్ట్. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను స్క్రూలు బిగించడానికే వాడారనీ, మనుషుల మీద వాడి చూపిన ఘనత మనదేననీ ఆయన సెలవిచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు నర్సింగం.

నర్సింగం పగటి పాళీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. అతనికి కావలసింది ఒక్క రేషన్ కార్డు. అది చూపిస్తే టెంఘర్ బస్తీలో ఒంటిగది ఖోలీ కిరాయికిస్తానన్నాడు దాని యజమాని. ఖోలీ దొరికితే ఊళ్లో ఉన్న భార్య ఐలవ్వనూ బిడ్డనూ తెచ్చుకోవచ్చు. రెండేళ్లుగా ఐలవ్వ మూట కట్టుకుని కూర్చుంది.

ఇప్పుడతను ఉండే గదిలో ఆరు చాపలు, పన్నెండు మంది. పగటి పాళీ వాళ్లు పనికి పోగానే రాత్రి పాళీ వాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. రేషన్ ఇన్‌స్పెక్టర్ మిట్టమధ్యాహ్నం వచ్చి, పడుకున్న ఆరుగురి పేర్లూ రాసుకుని పోయాడు. అంత నిఖార్సయిన అధికారి దొరకడం మన అదృష్టం.

నర్సింగం పనికి నాగా పెట్టి రేషన్ ఆఫీసుకు పోయాడు.

"నా పేరు రాయలేదు సాబ్."

"ఎన్ని చాపలు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆరు."

"ఆరు పేర్లు రాశాం కదా!"

"రాత్రి పాళీ అంకుశం పండుకునే చాప మీదనే నేను గూడ పండుకుంట సాబ్."

"అయితే అంకుశంతో అడ్జస్ట్ చేసుకో."

చేసుకున్నాడు. అంకుశం దగ్గర అతని కార్డు అడిగి తీసుకుని నర్సింగం టెంఘర్ పోయాడు. యజమాని కార్డు చదివి, "నీ భార్య బుచ్చమ్మను తెచ్చుకో, ఖోలీ ఇస్త" అన్నాడు. బుచ్చమ్మ అంకుశం భార్య.

నర్సింగం శ్రీరాములు సేఠ్ దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పాడు.

"ఏంది, గట్ల మొఖం పెట్టినవ్? ఐలవ్వనే బుచ్చమ్మ అని పిలువు. ఏం పోతది?"

"పెండ్లాన్ని ఎట్ల అడ్జస్ట్ చేస్త సేఠ్!"

మొదటిసారి అతని గొంతు లేచింది. సేఠ్ నొచ్చుకోలేదు. ఎలక్షన్ కాగానే కార్డు చేతిలో పెడతానని భుజం తట్టారు.

పోలింగు రోజు నర్సింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోలింగ్ బూత్‌కు పోయాడు. లిస్టులో అతని పేరుంది! తండ్రి పేరు, గది నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. గదిలోని పన్నెండు మంది పేర్లూ ఉన్నాయి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాబ్, ఈ కాయితం ఒక్కసారి ఇయ్యుండ్రి. ఖోలీ ఓనరుకు చూపెట్టి గిప్పుడే తెస్త."

గుమాస్తా లిస్టు తనవైపు లాక్కుని, పేరు పక్కనున్న టిక్కు చూశాడు.

"నీ ఓటు పొద్దున్నే పడింది. ఓటు వేసినవాళ్లు లోపల నిలబడకూడదు. బయటికి నడువు."