పేజీకి పది వేరుశెనక్కాయలు

ఆ పెద్ద అడవిలో రాయని జంతువంటూ లేదు. కుందేలు కవితలు రాసేది, కోతి యాత్రాకథనాలు రాసేది. తాబేలు రాసే ధారావాహిక పదకొండేళ్ళుగా మొదటి భాగంలోనే ఉంది. ఇందరి రాతల్నీ దిద్దిపెట్టేది మాత్రం ఒక్క ముళ్ళపందే. పేరు సుగుణమ్మ.

దిద్దినందుకు ఆవిడకు దక్కేది శాలువా. "మీ అంతటి విదుషీమణికి కూలి ఇచ్చి అవమానిస్తామా?" అంటూ ఆవిష్కరణ సభలో కప్పేవారు. ఆ ముళ్ళకు అది ఇల్లు చేరేలోగా పీలికలయ్యేది. పోయిన ఏడు ముసురు పట్టిన పద్నాలుగు రోజులూ సుగుణమ్మ ఆ పీలికలు చూసుకుంటూ పస్తులుంది, పాపం.

ఈసారి మబ్బులు కనబడగానే బొరియ ముందు పలక కట్టింది. "దిద్దుబాటుకు పేజీకి పది వేరుశెనక్కాయలు. కాయలు బొరియలో పడిన పిమ్మటే రాతప్రతి ఇవ్వబడును. శాలువాలు తీసుకోబడవు."

అడవంతా ముక్కున వేలేసుకుంది. "సాహిత్యానికి ధర కట్టేసిందర్రా!" అని కోతి చెట్టుచెట్టుకూ వెళ్ళి చెప్పొచ్చింది.

సరిగ్గా అప్పుడే సాహిత్య పరిషత్తు అధ్యక్షుడు ఎలుగుబంటి ఆత్మకథ పూర్తిచేశాడు. నాలుగు వందల పేజీలు. అందులో మూడు వందల పేజీలు ఆయనకు జరిగిన సన్మానాలే. దాన్ని మోసుకుని పరిషత్తు కార్యదర్శి నక్క వచ్చాడు.

"తమ ధర మాకు సమ్మతమేనండీ," అన్నాడు నక్క, "కాకపోతే దిద్దాక మిగిలిన పేజీలకే కాయలు. కొట్టేసిన పేజీ అచ్చుకే రాదు, దానికి కూలి దేనికి చెప్పండి?"

సుగుణమ్మ చేతిలో పడితే ఎంత లావు పుస్తకమైనా చిక్కిపోతుందని అతనికి తెలుసు.

"అలాగే కార్యదర్శిగారూ. ఆ ముక్క రాసి పంజా ముద్ర వెయ్యండి," అంది సుగుణమ్మ.

వారం రోజులు ఆవలిస్తూ చదివింది. రెండు వందల పన్నెండో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయింది. చిన్నప్పుడు ఎలుగుబంటి తేనెపట్టులో మూతి పెట్టి కుట్టించుకుంటే, వాచిన ముక్కును అమ్మ నాకుతూ కూర్చుందట. సుగుణమ్మ కళ్ళు చెమర్చాయి. మిగతాదంతా ఊకదంపుడు. అయినా ఒక్క పేజీ కొట్టెయ్యలేదు, కామాలు సరిచేసి ఊరుకుంది. మనసు ఒప్పుకోలేదు గానీ కడుపు ఒప్పించింది.

ఆవిష్కరణకు ముందురోజు పొద్దున్నే నక్క వచ్చాడు.

"నాలుగు వందల పేజీలూ మిగిలాయండీ. నాలుగు వేల కాయలు," అంది సుగుణమ్మ.

నక్క గబగబా పేజీలు తిరగేసి చూశాడు. వెంటనే నవ్వు పులుముకున్నాడు. "పొరపాటు మాదేనమ్మా! కొట్టెయ్యడమే కదా అసలు శ్రమ? షరతు మార్చేద్దాం. కొట్టేసిన పేజీలకే కాయలు!"

ఆవిడ ఒక్కటీ కొట్టెయ్యలేదు గనక ఒక్క కాయా ఇవ్వక్కర్లేదని అతని ఎత్తు.

"మీ ఇష్టం. ఇదీ రాసివ్వండి."

ముద్ర పడగానే సుగుణమ్మ ఎర్రసిరా తీసింది. "కాస్త కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అంటూనే రెండు వందల పన్నెండో పేజీ పక్కన పెట్టి మిగతావన్నీ అడ్డంగా కొట్టేసింది. "మూడు వేల తొమ్మిది వందల తొంభై కాయలు. మీకు పది కాయలు కలిసొచ్చాయి."

నక్క పరుగున వెళ్ళి ఎలుగుబంటితో మొరపెట్టుకున్నాడు. "పులిగారికి కూడా ఆహ్వానం వెళ్ళిపోయిందయ్యా! రేపు పుస్తకం లేకపోతే నిన్ను ఆవిష్కరించనా?" అని గర్జించాడు అధ్యక్షుడు. మధ్యాహ్నానికల్లా బస్తాలు బొరియలో దిగాయి.

మర్నాడు సభలో ఎలుగుబంటి ఉన్న ఒక్క పేజీ చదివాడు. అమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగి ముక్కు తడుముకున్నాడు. ఎప్పుడూ కునికిపాట్లు పడే సభ వెక్కివెక్కి ఏడ్చింది. పులి కూడా మీసం తుడుచుకుంది. "ఇంత బాగా రాస్తానని నాకే తెలీదు!" అన్నాడు ఎలుగుబంటి, ఆశ్చర్యంగా.

బయట వాన మొదలైంది. సుగుణమ్మ ఆ సభకే వెళ్ళలేదు. బొరియలో కూర్చుని, హాయిగా, ఒక్కో కాయే ఒలుచుకు తింటోంది.

నీతి: గొప్ప పుస్తకం రావాలంటే రచయితకు ప్రతిభ ఉండక్కర్లేదు, కార్యదర్శికి పిసినారితనం ఉంటే చాలు.