మనవడుగారి మౌనదీక్ష

ఆ రోజు పొద్దున మనవడుగారికి ఉన్నది ఒక్కటే పని. పన్ను పీకించుకోవాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. ఊరిని ఉద్ధరించే ఆలోచన ఆయనకు ఏ కోశానా లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఊళ్ళో ఎవరిని అడిగినా కథ ఇంకోలా చెబుతారు.

మనవడుగారు అన్నది ఆయన పేరు కాదు. పేరు వేరే ఉంది గాని, జీతం తీసుకునేటప్పుడు సంతకానికి తప్ప దేనికీ పనికి రాలేదు. ఆయన తాత దేశమంతా ‘పెద్దాయన’ అని పిలుచుకునే నాయకుడు. మిల్లు కార్మికులకు వారానికో సెలవు కావాలని ఈ ఊరి పురపాలక కార్యాలయం మెట్ల మీద మూడు రోజులు తిండి లేకుండా, మాట లేకుండా కూర్చుని సాధించారు. అదే చోట ఇప్పుడు ఆయన కంచు విగ్రహం ఉంది. కుడి చెంపకు చెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసి, దేశం గురించి దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కూర్చుని ఉంటారు. తపాలా బిళ్ళల మీదా అదే బొమ్మ, బడి పుస్తకాల అట్టల మీదా అదే బొమ్మ. మనవడుగారి ముక్కు, చెవులు, ముందుకు వంగిన మెడ ఆ బొమ్మకు నకలు తీసినట్టుంటాయి.

అలాంటి తాతకు మనవడిగా బతకడం ఎలా ఉంటుందో బతికినవాడికే తెలుస్తుంది. బజారులో ఉల్లిపాయలు బేరమాడితే, "తాతగారు దేశానికే సర్వం ఇచ్చారు, మీరు అర్ధరూపాయి దగ్గర ఆగిపోతున్నారు" అంటారు. బేరమాడకపోతే, "వాళ్ళకేం, పెద్దింటివాళ్ళు" అంటారు. బడిలో లెక్కలు తప్పినప్పుడు హెడ్మాస్టరు ఆయన్ని కొట్టలేదు, తాత ఫొటో ముందు గంటసేపు నిలబెట్టాడు. దెబ్బలే నయమని ఆయనకు ఆ రోజే అర్థమైంది. అందుకే నోరు విప్పనక్కర్లేని ఉద్యోగం చూసుకుని, అదే పురపాలక కార్యాలయంలో ప్లాన్లు గీసే పనిలో చేరి, ముప్పై ఏళ్ళుగా తల వంచుకుని గీతలు గీస్తున్నారు.

ఇక పన్ను సంగతి. ఎడమ దవడ పన్ను వారం రోజులుగా సలుపుతోంది. ముందు రోజు సాయంత్రం పళ్ళ డాక్టరు అందులో మందు దూది కుక్కి, "పొద్దున్నే పీకేద్దాం. అప్పటిదాకా దూది కరిచిపెట్టుకుని ఉండండి, నోరు తెరవద్దు. ఏమీ తినొద్దు, తాగొద్దు. మధ్యాహ్నం బస్సుకి నేను ఊరెళ్తున్నా, మళ్ళీ రెండు వారాలకి గాని రాను" అని చెప్పాడు. ఊళ్ళో ఇంకో పళ్ళ డాక్టరు ఉన్నాడు గాని, నిరుడు అతను ఈయనకు నొప్పి లేని పన్ను పీకి పంపించాడు. కాబట్టి మధ్యాహ్నంలోగా ఈ పన్ను ఊడాలి, లేదంటే రెండు వారాలు నరకమే.

"తిన్నగా వెళ్ళి తిన్నగా రండి," అంది భార్య గుమ్మం దగ్గర. "దారిలో ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకోండి. మర్యాద కోసం నోరు తెరిచారా, దూది ఊడుద్ది."

వసారాలో కుర్చీలో మేనత్త చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి, పెద్దాయన పిల్లల్లో మిగిలింది ఆవిడ ఒక్కతే. తల ఎత్తకుండానే, "ఏ వైపురా?" అని అడిగింది. మనవడుగారు ఎడమ చెంప చూపించారు. "ఊఁ" అని ఆవిడ మళ్ళీ తన పనిలో పడింది.

డాక్టరు గది పురపాలక కార్యాలయానికి ఎదురుగా, మేడ మీద ఉంది. నొప్పి తరుముతుంటే మనవడుగారు పెందరాళే వచ్చేశారు. మేడ మెట్లకు ఇంకా తాళం ఉంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నీడ ఉన్నది ఒక్క తాత విగ్రహం కిందే. మామూలుగా అయితే ఆయన ఆ విగ్రహానికి దూరంగా చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్ళే మనిషి. ఆ రోజు మాత్రం వెళ్ళి మెట్ల మీద కూలబడి, చెంపకు చెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసుకున్నారు.

బుట్టతో మార్కెట్‌కి పోతున్న కూరగాయలామె ఆగింది.

"ఏంటి బాబూ, ఇక్కడ కూర్చున్నారు?"

మనవడుగారు తలూపారు.

"టీ తెప్పించనా?"

వద్దని చెయ్యి ఊపారు.

"పోనీ ఏదైనా తింటారా?"

మళ్ళీ చెయ్యి ఊపారు. కూరగాయలామె ఆయన వంక చూసింది, పైన విగ్రహం వంక చూసింది, మళ్ళీ ఆయన వంక చూసింది. బుట్ట కిందికి దించింది.

"తినరు, తాగరు, మాట్లాడరు," అంది మెల్లగా. "బాబూ, మా మార్కెట్ కోసమేనా?"

పాత మార్కెట్ కూలగొట్టి కార్లు నిలిపే స్థలం కట్టాలని పురపాలక సంఘం నిర్ణయించి నెల అయింది. వచ్చే వారమే కూల్చివేత. ఆ ప్లాను గీసింది సాక్షాత్తూ మనవడుగారే. ఏ కారు ఎటు తిరగాలో బాణం గుర్తులు పెట్టి మరీ గీశారు. కానీ అప్పుడే పన్ను ఒక్క పోటు పొడిచింది. ఆమె ఏమడిగిందో కూడా వినకుండా, భార్య చెప్పినట్టే తలూపారు.

కాసేపటికల్లా మార్కెట్ సగం అక్కడుంది. చేపలవాళ్ళు, పూలవాళ్ళు, తూకం రాళ్ళు సరిచేసేవాడు, అందరూ చెప్పులు విప్పి మెట్ల మీద వరసగా కూర్చున్నారు. జనం ఎందుకు చేరారో మనవడుగారికి ముందు అర్థం కాలేదు. "మనవడుగారి దీక్ష వర్ధిల్లాలి" అని వెనకనుంచి ఒక గొంతు లేచేసరికి, సంగతి బోధపడింది. తను గీసిన ప్లానుకు వ్యతిరేకంగా తనే కూర్చున్నారని తెలిశాక చెమటలు పట్టాయి.

ఇంతలో చరిత్ర మాస్టారు వచ్చాడు. బడిలో పెద్దాయన పాఠం పాతికేళ్ళుగా చెబుతున్నవాడు. మనవడుగారికి ప్రాణం లేచొచ్చింది, చదువుకున్న మనిషికి చెబితే అర్థమవుతుంది కదా అని. జేబులోంచి కాగితం, పెన్సిలు తీశారు. ముందు బొమ్మ గీసి, తర్వాత కింద పేరు రాయడం ఆయన వృత్తి అలవాటు. రెండు వేర్లతో సహా దవడ పన్ను ఒకటి నీటుగా గీశారు. కింద ‘నాకు’ అని మొదలుపెట్టబోతుండగా మాస్టారు కాగితం లాక్కున్నాడు.

"చూశారా," అన్నాడు జనం వైపు తిప్పి. "ఇది దంతం. వేర్లు ఎంత లోతుకి ఉన్నాయో చూడండి. ఈ మార్కెట్ ఈ ఊరి దవడలో పాతుకుపోయింది, పీకితే ఊరికి రక్తం వస్తుంది, అంటున్నారు. ఒక్క మాట లేకుండా. అచ్చం తాతగారే."

జనం చప్పట్లు కొట్టారు. అర్ధగంటలో అట్టముక్కల మీద పళ్ళ బొమ్మలు లేచాయి. పూలామె గీసిన పన్నుకు నాలుగు వేర్లు వచ్చాయి గాని, ఆ సమయంలో ఎవరూ పట్టించుకోలేదు.

కబురు అందుకుని మనవడుగారి భార్య పరుగున వచ్చింది. జనాన్ని తోసుకుంటూ, "ఏంటండీ ఇది, ఆయనకి పన్ను నొప్పి. లేవండి, డాక్టరు వచ్చే టైమైంది" అంటూ భర్త చెయ్యి పట్టి లాగింది.

మాస్టారు కళ్ళు తడిశాయి. "అమ్మా, మీ బాధ మాకు తెలుసు. ఆ రోజు పెద్దాయన భార్య కూడా ఇలాగే వచ్చి, ఇంటికి రమ్మని చెయ్యి పట్టి లాగారు. ఆరో తరగతి పుస్తకంలో ఉంది."

"ఆవిడ సంగతి నాకెందుకండీ, ఈయనకి నిజంగానే పన్ను."

"అలాగేనమ్మా," అని ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడను నీడకు తీసుకెళ్ళి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టారు.

ఇక లాభం లేదని మనవడుగారు లేచారు. ఎదురుగా మేడ వైపు అడుగేశారు. జనం రెండుగా చీలి దారిచ్చి, ఆ వెనకే నినాదాలతో కదిలారు. ఆయన అడుగు పెంచితే వాళ్ళూ పెంచారు. మేడ మెట్ల దగ్గరికి చేరేసరికి అది ఊరేగింపు అయిపోయింది. సరిగ్గా అప్పుడే డాక్టరు పై నుంచి దిగి వస్తున్నాడు. చేతిలో తాళంచెవి ఉంది. మనవడుగారు నోరు తెరవబోయారు, దూది గొంతులోకి జారబోతే మళ్ళీ మూశారు.

"మీరేం చెప్పక్కర్లేదు," అన్నాడు డాక్టరు. జనం వైపు తిరిగాడు. "ఈ మనిషికి పన్ను పుచ్చిపోయింది. ఈ పూట నేను పీకాలి. మామూలు మనిషైతే ఈ నొప్పికి గోడలెక్కేవాడు. ఈయన ఆ నొప్పిని పక్కన పెట్టి మీకోసం ఎండలో కూర్చున్నారు. అలాంటప్పుడు నేను దుకాణం తెరుచుకుని కూర్చుంటే మనిషినా? మద్దతుగా మూసేశాను. బస్సు టైముదాకా ఈయన పక్కనే నేనూ."

మనవడుగారి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. జనంలోనూ చాలామంది ఏడ్చారు. డాక్టరు ఆయన్ని భుజం పట్టుకుని నడిపించుకుంటూ మళ్ళీ విగ్రహం కిందికే తెచ్చి కూర్చోబెట్టాడు.

పురపాలక కార్యాలయం పై అంతస్తు కిటికీలోంచి మేయరు ఇదంతా చూస్తోంది. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఆవిడ కుర్చీ వెనక గోడకు పెద్దాయన ఫొటో ఉంది.

"ఆ కూర్చున్నది మన ప్లాన్ల ఆయన కదా?" అంది ఇంజినీరుతో.

"అవును మేడం. ఆ కార్ల ప్లాను గీసింది కూడా ఆయనే."

"గీసినప్పుడు ఏం అనలేదే?"

"ఆయన ఎప్పుడూ ఏం అనడు మేడం. ఇన్నాళ్ళూ అది మంచి గుణం అనుకున్నాం."

మేయరు ఫొటో వైపు చూసి, కిటికీ వైపు చూసి, ఒక నిట్టూర్పు విడిచింది. ప్లాను కాగితం పట్టుకుని కిందికి దిగింది. అందరి ముందూ దాన్ని రెండు ముక్కలు చేసి, మార్కెట్ ఎక్కడికీ పోదని ప్రకటించింది. మూడు రోజుల శ్రమతో గీసిన బాణం గుర్తులు కాళ్ళ దగ్గర పడుతుంటే మనవడుగారు చూస్తూ ఉండిపోయారు. ఎవరో గ్లాసు తెచ్చారు. నిమ్మరసం, నిండా ఐసు ముక్కలు.

"నా చేతుల మీదుగా తాగి దీక్ష విరమించండి," అంది మేయరు.

ఆయన వద్దని తల అడ్డంగా తిప్పారు. "ఇంకా నమ్మకం కుదర్లేదు," అని మాస్టారు వివరించాడు. మేయరు వెంటనే మార్కెట్‌కి కొత్త కప్పు కూడా వేయిస్తానంది. ఆ తర్వాత ఇక తప్పించుకోవడం ఎవరి తరమూ కాలేదు. గ్లాసు పెదాలకు తగిలింది, చల్లదనం పుచ్చిన పన్నులోకి దిగింది. మనవడుగారు దూది ఉమ్మేసి పెట్టిన కేక పక్క వీధి దాకా వినిపించింది. దాన్ని విజయనాదం అనుకుని జనం అందుకున్నారు.

ఆ సందట్లో డాక్టరు గడియారం చూసుకుని లేచాడు. మనవడుగారు అతని చెయ్యి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. ఫొటోలు తీశారు. డాక్టరు ఒక్కొక్క వేలే విడిపించుకుని, "రెండు వారాల్లో వచ్చేస్తాగా" అని బస్సుకు పోయాడు. మనవడుగారిని భుజాల మీద ఎత్తుకుని ఇంటికి చేర్చారు.

వసారాలో మేనత్త ఇంకా అదే కుర్చీలో ఉంది. జనం వెళ్ళేదాకా ఆగి, "పీకారా?" అని అడిగింది.

"లేదత్తయ్యా," అన్నారు మనవడుగారు. పొద్దుట్నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. "మార్కెట్ మిగిలింది. పన్నూ మిగిలింది."

"మా నాన్నకి కుడి వైపు," అంది మేనత్త.

భార్యాభర్తలిద్దరూ ఆవిడ వంక చూశారు.

"దవడ ఇంతలావు వాచింది. మందులాయన కొట్టు తెరవలేదని ఆ మెట్ల మీద కూర్చున్నాడు. మిల్లువాళ్ళు చూశారు. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టి లాగింది, ఎవరూ వదల్లేదు. మూడో రోజు అది దానంతటదే ఊడింది, సెలవూ వచ్చింది."

"మరి తర్వాతైనా చెప్పలేదా?" అన్నారు మనవడుగారు.

"నోరు తెరవగలిగేసరికి జనం ఆదివారం పిల్లల్ని తీసుకుని షికారుకి పోతున్నారు. వాళ్ళని చూసి ఇంకేం చెబుతాడురా. ఆ తర్వాత చేసినవన్నీ నోరు తెరిచి, తెలిసే చేశాడు. మొదటిది మాత్రం పన్నే."

మనవడుగారు గోడ మీది ఫొటో చూశారు. చెంపకు చెయ్యి, సగం మూసిన కళ్ళు. యాభై ఏళ్ళుగా ఆ చూపు తనని తప్పుపడుతోందనుకున్నారు. పాపం, ఆయనకు పన్ను నొప్పి. పుట్టాక మొదటిసారి తాత మీద ఆయనకు జాలి కలిగింది, ఆ జాలి వెనకే బోలెడంత ప్రేమ వచ్చింది. ఎడమ చెంపకు చెయ్యి ఆనించి, ఫొటోకి ఎదురుగా కూర్చున్నారు.

భార్య వేడినీళ్ళలో ఉప్పు వేసి తెచ్చి చేతికిచ్చింది.

"డాక్టరు రావడానికి ఇంకా రెండు వారాలుంది," అంది. "రేపు పొద్దున ఎలాగూ ఖాళీయేగా, వెళ్ళి ఇంకాసేపు కూర్చోండి. మన వీధికి కుళాయి నీళ్ళు రాక ఆర్నెల్లయింది."